దుర్భిదుని ప్రాణమణులు

పూర్వం రైవత మన్వంతరంలో దుర్భిదుడనే దానవుడు పద్మసంభవుని గూర్చి ఘోరతపస్సు చేసి, ముప్పదివేల ముప్పదియొక్క మణులలో తన ప్రాణాన్ని నిక్షేపించుకొని, శేషం లేకుండా వాటిని సమానమైన వరుసలుగా విభజించినప్పుడే తనకు మరణం కలగాలని వరం పొందాడు. ఒక్కటే వరుస గాని, ఒక్కొక్క మణి గల వరుసలు గాని చెల్లవు. ఆ వరగర్వంతో అతడు పర్జన్యుణ్ణి గుహలో బంధించి ముల్లోకాలను ఎండగట్టాడు.

వరుసల సంఖ్య పలికితే మణులు తమంతట తామే అమరేవి. లెక్క కుదరకపోతే పలికినవారు శిలలయ్యేవారు. రెండని, మూడని, అయిదని, ఏడని, పదకొండని పలికిన ఋషులందరికీ సరిగ్గా ఒక్క మణే మిగిలింది. పదమూడని పలికి శిలయైనవాడు తపోనిధి సుతపుడు. ఆయన కుమార్తె ఋతంభర తండ్రి రాతిపాదాలను తాకి, కన్నీరు తుడుచుకొని, దానవసభలో నిలిచింది.

"దానవేంద్రా! నాకెంత గడువు?"

"సూర్యాస్తమయం దాకా, ముగ్ధా! అటుపై మౌనమూ ఓటమే."

ఆమె ఇసుకలో కూర్చుంది. పదిహేడుతో భాగిస్తే తొమ్మిది మిగిలింది, పంతొమ్మిదితో పదకొండు. రెండుతో తెగనిది నాలుగుతోనూ ఆరుతోనూ తెగదు గనుక అటువంటి వాటిని విడిచి, దేనికీ లొంగని సంఖ్యలనే ఏరుకొంటూ ఏబదిమూడు చేరేసరికి ముప్పదిమూడు మిగిలాయి. సహస్రకిరణుడు పడమటికొండను తాకాడు. ఈ సంఖ్య నిజంగానే దేనికీ తెగదేమోనని ఆమె శంకించింది. తరువాతి సంఖ్యను వ్రాసి, భాగించి, నమ్మలేక గుణించి సరిచూచుకొని లేచింది.

"ఏబదితొమ్మిది!"

మణులు జలజలా కదిలి, వరుసకు అయిదువందల తొమ్మిది చొప్పున అమరాయి. కాని చివరి వరుస కొనన ఒక్క మణి తక్కువైంది! ఋతంభర పాదాలు చల్లబడి రాయి కాసాగాయి. దుర్భిదుడు తొడ చరిచి వికటంగా నవ్వాడు. కుడిచేతితోనే చరిచాడు, ఎడమ పిడికిలి విప్పలేదు.

"దానవా! నీ ప్రాణమణులు ముప్పదివేల ముప్పదియొకటి. ఇక్కడ ఒకటి తక్కువ. నీ పిడికిలి విప్పు!"

"తప్పు నీ లెక్కది, తాపసీ!"

"నా లెక్క తప్పైతే శిలనౌతాను. నీ చేయి వట్టిదైతే విప్పడానికి వెరపేల?"

రాయి ఆమె నడుము దాకా ప్రాకింది. దానవులే తమ రాజు చేతివంక చూడసాగారు. దుర్భిదుడు మణిని మింగబోయి చేయెత్తగా, అది వ్రేళ్ళసందున జారి, దొర్లుకొంటూ పోయి తన చోట చేరింది. మరుక్షణం ఆ దానవుడు తెగిన కొండచరియవలె కూలిపోయాడు. ఋతంభరను నడుము దాకా పట్టిన రాయి వీడిపోయింది.

చతుర్ముఖుడు ప్రత్యక్షమై, "పుత్రీ! వరం కోరుకొనుము" అన్నాడు.

"పితామహా! శిలలైనవారందరూ లేవాలి, పర్జన్యుడు విడుదల కావాలి."

"తథాస్తు!"

మేఘాలు ఉరిమాయి. సుతపుడు కన్నులు తెరచి, కూతురిని చూచి, "ఎంతకు తెగిందమ్మా?" అని అడిగాడు. ఆమె చెప్పగా, "నేను తొందరపడ్డాను తల్లీ!" అని ఆ మహర్షి నవ్వుతూ ఆమెను అక్కున చేర్చుకొన్నాడు. లోకాలు చల్లబడ్డాయి, యజ్ఞాలు తిరిగి సాగాయి. ఈ కథను శ్రద్ధతో విన్నవారికి సంకటవేళ బుద్ధి చలించకుండుగాక!