గరుకయ్య చూపించిన పువ్వు

అనగనగా ఒక అడవి అనగానే, ఏ అడవి తాతా అని మీరు అడుగుతారు. ఏ అడవైతేనేం! అందులో ఒక వాగు ఉంది. వాగు పక్కన రేలచెట్లు ఉన్నాయి. వాగు ఇసుకలో ఎవరో రైతు పెట్టిన దోసపాదులు ఉన్నాయి. మన కథకు అంత చాలు.

ఆ అడవిలో గరుకయ్య అనే ఏదుపంది ఉండేవాడు. ఏదుపంది అంటే తెలుసుగా, ఒళ్ళంతా ముళ్ళే. అతనికి చంగన్న అనే కుందేలు స్నేహితుడు. గరుకయ్య ముసలివాడు, చంగన్న కుర్రవాడు. అయినా బావా అంటే బావా అనుకునేవారు. రోజూ పొద్దు వాలగానే ఇద్దరూ కలిసి మేతకు బయల్దేరేవారు.

గరుకయ్యతో నడవడం అంత తేలిక కాదు. ప్రతి మొక్క దగ్గరా ఆగేవాడు.

"చంగన్నా, ఈ తంగేడు చూశావా? కరువు ఏడు దీని వేళ్ళే మాకు అన్నం," అనేవాడు.

"నిన్నా చూశాను, మొన్నా చూశాను బావా. నువ్విలా ప్రతి కొమ్మకూ దణ్ణం పెడుతూ వస్తే, మనం వెళ్ళేసరికి పాదుల్లో తొడిమలు కూడా మిగలవు," అనేవాడు చంగన్న.

"మిగలకపోతే ఏకాదశి అనుకో."

"ఏకాదశి నీకు. నాకు ఆకలి."

చంగన్నను పూర్తిగా తప్పుపట్టలేం. నేను కాలేజీలో చదివేటప్పుడు మా బోటనీ మాస్టారు పువ్వును తుంచి, రేకులు లెక్కపెట్టి, బొమ్మ గీయమనేవారు. ఒక్కసారి వాసన చూడమని మాత్రం ఎప్పుడూ అనలేదు. అంత చదివినవారికే లేని ధ్యాస ఆకలితో ఉన్న కుందేలుకు ఎక్కణ్ణుంచి వస్తుంది? సరే, కథకు వద్దాం.

ఇక్కడ ఏదుపందుల ఆచారం ఒకటి చెప్పాలి. మా నాయనమ్మ జన్మలో మా తాత పేరు పలకలేదు. ఆయన పేరు గోపాలం. అందుకని ఆవిడ పాలను కూడా 'తెల్లనివి' అనేది. ఏదుపందులకు మొగుడి పేరుతో ఇబ్బంది లేదు. పెళ్ళి పువ్వు పేరే పలకకూడదు. పెళ్ళినాడు ఇద్దరూ ఏ పువ్వు దగ్గర ముక్కూ ముక్కూ ఆనించుకుంటారో, అదే వాళ్ళ పెళ్ళి పువ్వు. దాని పేరు పైకి అంటే జంట విడిపోతుందని భయం. ఏటా అది పూసినప్పుడు ఇద్దరూ కలిసి వెళ్ళి చూసి రావాలి. చూపించుకోవడమే కాని చెప్పుకోవడం లేదు.

గరుకయ్య భార్య పేరు నాంచారు. ఆవిడకు చూపు మందగించింది. మొగుడు తోడుంటే తప్ప బొరియ దాటేది కాదు. వాళ్ళ పెళ్ళి పువ్వు మొక్కను కొన్నేళ్ళ కిందట అడవిపందులు గడ్డతో సహా తవ్వి తినేశాయి. అలాంటిది ఇంకొకటి ఎక్కడైనా ఉంటుందేమోనని గరుకయ్య అప్పట్నుంచీ వెతుకుతున్నాడు. ఈ సంగతి చంగన్నకు తెలుసు. కాని తెలియడం వేరు, పట్టించుకోవడం వేరు.

ఆ ఏడు తొలకరి చినుకులు పడ్డాయి. మర్నాడు సాయంత్రం ఇద్దరూ ఎప్పటిలాగే బయల్దేరారు. నడుస్తూ నడుస్తూ గరుకయ్య ఆగిపోయాడు. ఒంటిమీది ముళ్ళన్నీ గలగలలాడాయి.

"చంగన్నా, దొరికింది. ఇటు చూడు," అన్నాడు.

అప్పుడే వాగు వైపు నుంచి దోసకాయల వాసన వచ్చింది. చంగన్న ముందుకు దూకాడు.

"నా మతిమరుపు నీకు తెలుసుగా. రేపు మీ అక్కను తీసుకొస్తాను. నేను చోటు మరిచిపోతే నువ్వు చూపించాలి. బాగా చూసి పెట్టుకో," అన్నాడు గరుకయ్య.

"చూశాలే బావా," అన్నాడు చంగన్న. తల తిప్పలేదు.

"నిజంగా చూశావా?"

"చూశానంటున్నాగా," అని పరుగు అందుకున్నాడు.

ఇంటికి వెళ్ళాక గరుకయ్య భార్యతో, "దొరికిందే. చంగన్నకు కూడా చూపించాను," అన్నాడు. ఆవిడ ఎంత సంతోషించిందో మీరే ఊహించుకోండి.

తెల్లవారేసరికి పెద్ద వాన పట్టుకుంది. నాంచారుకు మెత్తటి దుంప ఏదైనా తెద్దామని గరుకయ్య వాగు దాటబోయాడు. వాగు అతన్ని తీసుకుపోయింది.

వాన వెలిశాక నాంచారు చంగన్నకు కబురు పెట్టింది.

"తమ్ముడూ, ఆ పువ్వు నీకు చూపించానని మీ బావ చెప్పాడు. ఒక్కటి తెచ్చిపెట్టు. కళ్ళతో చూడలేను. వాసన చూస్తే చాలు, ఆయన పక్కన ఉన్నట్టు ఉంటుంది," అంది.

నేను చూడలేదక్కా అని అప్పుడే అని ఉంటే ఏమయ్యేదో! సిగ్గు అడ్డం వచ్చింది. "దానికేం అక్కా, తెస్తాను," అన్నాడు.

మొదట రేలపూలు తెచ్చాడు. నాంచారు వాసన చూసి నవ్వింది.

"మా పెద్దాడు చిన్నప్పుడు వీటిని ముళ్ళకు గుచ్చుకుని, నేనే పెళ్ళికొడుకునంటూ అడవంతా తిరిగాడు. కాని ఇది కాదు తమ్ముడూ."

తరవాత కొడిశపూలు తెచ్చాడు.

"అమ్మో, మా అత్త," అంది నాంచారు. "కడుపునొప్పి అన్నా ఈ చెట్టు బెరడే నూరి పోసేది, కాలునొప్పి అన్నా ఇదే. ఆవిణ్ణి ఇప్పుడెందుకయ్యా గుర్తు చేశావు? ఇది కాదు."

మూడోసారి తంగేడుపూలు తెచ్చాడు. ఈసారి నాంచారు నవ్వలేదు. పూలను మెల్లిగా పక్కన పెట్టింది.

"తమ్ముడూ, నువ్వు చూడలేదు కదూ?"

చంగన్న చెవులు వాలిపోయాయి. "దోసకాయల వాసన వచ్చిందక్కా," అన్నాడు.

నాంచారు అంది, "దాని పేరు ఇన్నేళ్ళుగా నా నోట రానివ్వలేదు. పలికితే ఆయన పోయాడని నేనే ఒప్పుకున్నట్టు. ఏం చేస్తాం? దగ్గరికి రా."

అతని చెవిలో ఆ పేరు చెప్పింది. ఆ పేరేమిటని నన్ను అడగకండి పిల్లలూ. ఆవిడ అంత కష్టపడి పలికినదాన్ని నేను మాట వరసకు అనలేను. ఎలా ఉంటుందో మాత్రం చెబుతాను. ఆకు రాకముందే ఉత్త నేలలోంచి పువ్వొక్కటే వస్తుంది. తొలకరికి పూస్తుంది. నాలుగు రోజులుండి పోతుంది. ఆకు ఆ తరవాత వస్తుంది.

చంగన్న పరుగెత్తాడు. వాళ్ళు రోజూ నడిచే దారిలోనే, ఒక రాతి నీడన దొరికింది ఆ మొక్క. కాని పువ్వు కుళ్ళి మట్టిలో కలిసిపోయింది. పచ్చటి ఆకులు రెండు నిలబడి ఉన్నాయి. వాసన చూశాడు. ఆకుల వాసన తప్ప ఏమీ లేదు.

తిరిగి వచ్చి, ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"పోనీలే తమ్ముడూ," అంది నాంచారు. "పువ్వు చూడలేదు, సరే. అది దొరికినప్పుడు ఆయన మొహం ఎలా ఉంది? అదైనా చెప్పు."

చంగన్న ఆ రోజు ఆ వైపు తలే తిప్పలేదు కదా.

నాంచారు ఇంకేమీ అడగలేదు. తిట్టలేదు కూడా. తిట్టి ఉంటే చంగన్నకు కొంచెం తేలికయ్యేది. ఆ చలికాలం ఆవిడకు చివరిది అయింది.

మళ్ళీ తొలకరి వచ్చింది. చంగన్న రోజూ ఆ రాయి దగ్గరికి వెళ్ళి కూర్చునేవాడు. ఒక సాయంత్రం పువ్వు వచ్చింది. అతను దగ్గరికి జరిగి, కళ్ళు మూసుకుని, నిండా వాసన పీల్చాడు. గరుకయ్య మొహం గుర్తుకు వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. ఆనాటి తన కాళ్ళ చప్పుడు మాత్రం వినిపించింది, దూరంగా పరుగెత్తి వెళ్ళిపోతూ.

నీతి: మనవాళ్ళు "ఇటు చూడు" అన్నప్పుడు ఆగి చూడండి. పువ్వు వచ్చే ఏడు మళ్ళీ పూస్తుంది. చూపించినవాళ్ళు మళ్ళీ రారు.