మధ్యాన్నం తూము

పోలమ్మ మిరప చేను కాలువ చివర ఉండేది. మిట్టమధ్యాహ్నానికే తూము మూసేసేవారు కనుక నీళ్లు అక్కడిదాకా చేరేవి కావు. మొక్కలు వాడిపోతుంటే ఆమె అర్జీ రాసి, కాలువ అధికారి అనంతశాస్త్రికి ఇచ్చింది.

ఆయన చదివి నవ్వాడు. "'మధ్యాన్నం దాటాక కూడా నీళ్లు వదలండి' అని రాశావు. 'మధ్యాహ్నం' అని రాయాలి. మధ్యాన్నం అనే వేళే లోకంలో లేదు. లేని వేళకు నీళ్లెలా వదలను?" అని అర్జీ తిప్పి పంపాడు.

మర్నాడు కావలివాడు తూము మూయబోతే పోలమ్మ అడ్డంగా కూర్చుంది. గొడవ విని శాస్త్రి పల్లకీలో వచ్చాడు.

"ఎవరి ఆజ్ఞతో అడ్డుకుంటున్నావు?"

"తమ ఆజ్ఞతోనేనండి" అంటూ ఆమె తూము పక్కన పాతిన రాయిని చూపించింది. 'మధ్యాన్నం తూము మూయవలెను' అని చెక్కి ఉంది. కింద శాస్త్రి పేరు. "ఆ వేళే లేదని నిన్న తమరే సెలవిచ్చారు. లేని వేళకు తూమెలా మూస్తారు?"

రైతులంతా చూస్తున్నారు. తన మాట తప్పని ఒప్పుకోవడం ఇష్టంలేక శాస్త్రి, రాళ్లు చెక్కే గురవయ్యను పిలిపించి, "ఆ అక్షరం దిద్దు. అందాకా తూము తెరిచే ఉంచండి" అన్నాడు.

గురవయ్య చేను కూడా కాలువ చివరిదే. ఆ ఒక్క అక్షరం దిద్దడానికి అతనికి మిరపకాయలు పండేదాకా పట్టింది.