పోలమ్మ పోగొట్టుకున్న రెండు మణుగులు

ఒకానొక రాజ్యంలో జనం జబ్బు కన్నా వైద్యుడికే ఎక్కువ భయపడేవారు. ఆయన పేరు భిషగాచార్యులు. ఆయన బిరుదులు చదవడానికే ఒక మనిషి కావాలి గానీ, మందు మాత్రం ఒక్కటే: లంఖణం. జ్వరమా, లంఖణం. పుండా, లంఖణం. కాలు విరిగిందా, ఆ కాలికీ లంఖణమే. పదోనాటికి రోగి మూలగడం మానేస్తే, "చూశారా, నెమ్మదించింది!" అనేవాడు. మూలగడానికి ఓపికంటూ ఉంటేగా!

రాజు కాచభూపతికి ఈయనంటే అపారమైన గురి. తనకెన్నడూ జబ్బు చేయలేదు గనుక ఆ గురి చెక్కుచెదరలేదు. అంతకన్నా గర్వం తన ధర్మాసనమంటే. "మా రాజ్యంలో సొత్తు పోతే కావలివాడు వెతికి తేవాలి. తేలేకపోతే తన ఇంటినుంచి పూడ్చాలి!" అని పూటకోసారి చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆ కొలువులో విదూషకుడు పుల్లంభట్టు. లంఖణాల సంగతి ఒకసారి కదిపి, "వైద్యుడికి పాఠం చెప్పేంతటివాడివా?" అని రాజుచేత చీవాట్లు తిన్నాడు. అప్పటినుంచి సమయం కోసం చూస్తున్నాడు.

ఒకనాటి ఉదయం రాజుగారి పల్లకీ మోసే ఎర్రపోతు భార్య పోలమ్మ ఏడుస్తూ పుల్లంభట్టు గుమ్మంలోకి వచ్చింది.

"అయ్యగోరూ, మా ఆయనకి జరం తగ్గి వారమైనాది. అయినా కూడెట్టరంట. ఇంకో పది దినాలు కడుపు మాడిస్తేగానీ లోపలి మలినం పోదంట. గంజి అట్టుకెళ్తే వైద్యశాల కావలోళ్లు పారబోసినారు. కిటికీలోంచి పిలిస్తే, నన్ను చూసి 'ఎవరే నువ్వు?' అన్నాడయ్యా! ఇంకో పది దినాలు బతకడు."

పుల్లంభట్టుకి కడుపు మండిపోయింది. కాసేపు ఆలోచించి, ఆమెకు ఏం అనాలో చెప్పి, కొలువుకు తీసుకెళ్లాడు.

"దొంగతనం మహాపెబో!" అని పోలమ్మ గొల్లుమంది. "మా ఆయన్ని ఎవరో ఎత్తుకుపోయినారు. అంతా కాదు, మూడో వంతు!"

సభ నవ్వింది. రాజు మీసం దువ్వాడు. "మా రాజ్యంలో దొంగతనమా? రుజువేదీ?"

పల్లకీ ఒరిగిపోకుండా బోయీలను ఏటా కాటా వేసి జతలు కూర్చడం ఆ కోటలో ఆచారం. ఉగాదినాడు ఎర్రపోతు ఆరు మణుగులు తూగినట్టు పల్లకీ అధికారి చెప్పాడు. అప్పటికప్పుడు ఎర్రపోతును మంచంతో మోసుకొచ్చి త్రాసులో కూర్చోబెట్టారు. నాలుగే మణుగులు! సభలో నవ్వు ఆగిపోయింది.

భిషగాచార్యులు ఉత్తరీయం సవరించుకున్నాడు. "ఇందులో వింతేముంది? తిండి ఆపితే రోగం పారిపోతుంది."

"రోగం ఇల్లు ఖాళీ చేసి వారమైంది స్వామీ. తమరింకా గోడలు కూలగొడుతున్నారు," అన్నాడు పుల్లంభట్టు. "అది సరే, వైద్యశాల తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే! నా అనుమతి లేనిదే చీమ కూడా లోపలికి రాదు, బయటికి పోదు."

"విన్నారా ప్రభూ! కావలి వారిదేనట. రెండు మణుగుల ఎర్రపోతు మాయమయ్యాడు. వెతికి తెమ్మనండి. దొరక్కపోతే పూడ్చమనండి. ఒంటినుంచి పూడుస్తారో, వంటింటినుంచి పూడుస్తారో, అది వారి ఇష్టం."

భిషగాచార్యులు తన బొజ్జవంక చూసుకున్నాడు. ఆ తర్వాత రాజు నడుమున ఉన్న కత్తివంక చూశాడు. "వం... వంటింటినుంచే," అన్నాడు.

పూటకోసారి చెప్పుకున్న తీర్పును కాదనడం ఎలా? రాజుకు సరేననక తప్పలేదు.

"ఒక్కసారిగా కుమ్మరించి చంపేరు!" అన్నాడు పుల్లంభట్టు. "ఎండిన కడుపు. మొదట పలచటి గంజి, పెసరకట్టు. నిలదొక్కుకున్నాక మెత్తటి అన్నం, మజ్జిగ, గుడ్డు. కొంచెం కొంచెంగా, రోజుకు ఆరుసార్లు. వారానికోసారి కాటా. వైద్యశాలలో మంచమెక్కిన అందరికీ ఇదే."

"గుడ్డా! మా వంటింట్లోనా?" అని ఆచార్యులు చెవులు మూసుకున్నాడు.

"పెరట్లో వేరే పొయ్యి పెట్టించండి స్వామీ. మీ మడి మీకుంటుంది, వాడి ప్రాణం వాడికుంటుంది."

మూడు నెలలు ఆచార్యులవారి ఇంటి పొయ్యి ఆరలేదు. వైద్యశాలలోంచి మనుషులు తమ కాళ్లమీద నడిచి ఇళ్లకు వెళ్లడం చూసి ఊరు ఆశ్చర్యపోయింది. చివరి కాటాకు ఎర్రపోతు తన కాళ్లమీదే వచ్చి త్రాసెక్కాడు. ఆరుంపావు మణుగులు!

"అన్యాయం ప్రభూ!" అని భిషగాచార్యులు లబోదిబోమన్నాడు. "పోయింది రెండు మణుగులే. ఈ పావు మణుగు ఏమిటి, వడ్డీయా?"

"వడ్డీ కాదు స్వామీ, వడ్డన!" అన్నాడు పుల్లంభట్టు. "తమరు కొత్తగా నేర్చుకున్నారు గనుక గుర్తుపట్టలేదు."

కాచభూపతి సింహాసనం మీద పొట్ట పట్టుకుని నవ్వాడు. పుల్లంభట్టుకు పట్టుశాలువా కప్పి, వైద్యశాల తాళంచెవి తీసి పోలమ్మ చేతికిచ్చాడు. ఇకమీదట రోగికి కూడు పెట్టానని ఆమె చెబితేగానీ ఆచార్యులవారు నాడి పట్టుకోకూడదని శాసనం చేయించాడు.