చప్పుడు లేని కత్తి

భీమిలిలో పేరయ్యశాస్త్రిగారి దగ్గర తర్కం చదివేవాళ్లకి ఒక నియమం ఉండేది. ఎదుటివాడి మాటకి జవాబు చెప్పేముందు ఆ మాటని తన నోటితో తిరిగి అప్పజెప్పాలి. ఎదుటివాడు "అవును, నేనన్నది ఇదే" అన్నాకే ఖండించాలి. ఈ నియమమంటే నరహరికి ఒళ్లు మంట. పాదరసంలాంటి బుర్ర అతనిది. ఎదుటివాడు నోరు మూసేలోపే జవాబు నాలుక చివర సిద్ధంగా ఉండేది. ముందురోజు వాదంలో అతను ఆ నియమాన్ని గట్టున పెట్టేశాడు. "నువ్విక్కడున్నది బుద్ధి ఉండి కాదు, మీ అమ్మ ఇక్కడ వంట చేస్తోంది కనక" అని తోటి విద్యార్థి సోమన్నని నలుగురిలో ఒక్క మాటతో కూల్చేశాడు. తెల్లారేసరికి సోమన్న తల్లిని వెంటబెట్టుకుని ఊరు విడిచి వెళ్లిపోయాడు. ఆవిడ చేతి ముద్దలు తిని పెరిగినవాడే నరహరి కూడా.

పొయ్యి వెలగని ఆ పొద్దున అతను గురువుగారి ముందు నిలబడ్డాడు.

"అయ్యా, నేనన్నదాంట్లో అబద్ధం లేదు. మరి నాకీ గుండెకోత ఎందుకు?"

శాస్త్రిగారు ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. అతన్ని కూర్చోమని, కమ్మరి సన్యాసాచారి సంగతి ఎత్తుకున్నారు.

రేవుకి ఓడలొచ్చే రోజుల్లో స్పెయిన్ దేశపు నావికుడొకడు తన మడతకత్తి బాగుచేయమని ఆచారి కొలిమికి తెచ్చాడు. తెరిస్తే మూరెడు కత్తి. కొమ్ము పిడి, చేపతోకలా వంపు. తెరుస్తుంటే మడత దగ్గర కోసిన పళ్లు ఒక్కొక్కటే పట్టుకుంటూ కటకటమని మోగేవి. కత్తి తిరిగిచ్చేలోపు ఆచారి దాని మర్మం పట్టేశాడు. అలాంటివే, ఇంకాస్త పెద్దవి, చేసి అమ్మసాగాడు. మొలన ఆచారి కత్తి లేనివాడు జాలరే కాదన్నంత పేరొచ్చింది.

ఆచారికి మాత్రం ఆ చప్పుడు కంట్లో నలుసయ్యింది. బండి ఇరుసు కిర్రుమన్నా, తలుపు మూలిగినా అది పనివాడి తప్పేనని నమ్మే వంశం వాళ్లది. మంచి పని నోరెత్తకూడదని తండ్రి నేర్పాడు. అందుకే ప్రాణస్నేహితుడు దానయ్య కొత్త పడవని నీళ్లలోకి దింపిన రోజున, ఆకురాయితో పళ్లన్నీ అరగదీసి, వెన్నలో వేలు దిగినట్టు తెరుచుకునే కత్తిని కానుకగా ఇచ్చాడు. అంత నునుపైన పని తన చేత ఎన్నడూ కాలేదని మురిసిపోయాడు పాపం.

దానయ్యకి కోపం ముక్కు మీద ఉండేది. తమ్ముడు ఎర్రయ్యతో వలల దగ్గర రోజూ తగువే. చప్పుడు చేసే పాత కత్తి ఉన్నన్నాళ్లూ ఆ తగువు పేటకి వినోదం. దానయ్య మొలలోంచి కత్తి లాగేవాడు. అది కటకటమనేసరికి తల్లి గుడిసెలోంచి తిట్లు లంకించుకునేది, ఎర్రయ్య వెనక్కి దూకేవాడు. సగం తెరిచేసరికి దానయ్యకే సిగ్గేసేది. ఆ కత్తితోనే కొబ్బరిబొండం కొట్టి తమ్ముడి చేతిలో పెట్టేవాడు.

కొత్త కత్తి ఏమీ అనలేదు. చిరిగిన వల దగ్గర మాటా మాటా పెరిగింది. తల్లికి వినపడలేదు, తమ్ముడు తప్పుకోలేదు. కత్తి తెరిచానని దానయ్యకే తెలిసేలోపు ఎర్రయ్య కుడి మణికట్టు దగ్గర నరాలు తెగిపోయాయి. ప్రాణం దక్కింది కానీ, ఆ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. తాడు లాగలేని చెయ్యి జాలరికి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

దానయ్య ఆ కత్తి తెచ్చి కొలిమి ముందు పడేశాడు.

"సప్పుడు పనికి మచ్చనుకొని తీసేసేన్రా దానయ్యా," అన్నాడు ఆచారి. "ఉంటే ఎర్రయ్య తప్పుకునేవోడు."

"ఆ సప్పుడు ఆడికోసం కాదురా సన్నాసీ. నాకోసం," అని దానయ్య వెళ్లిపోయాడు.

ఆచారి ఏడుస్తూ ఆ కత్తికే మళ్లీ పళ్లు కోశాడు. చప్పుడు తిరిగొచ్చింది. దానయ్య మళ్లీ దాన్ని ముట్టుకోలేదు, కొలిమి గడప తొక్కలేదు. ఆ తర్వాత ఆచారి చేసిన ప్రతి కత్తీ ఊరంతా వినపడేలా మోగింది.

శాస్త్రిగారు అంతటితో ఊరుకున్నారు. ఇప్పుడు పరిగెత్తినా సోమన్న ఎక్కిన బండి అందదని నరహరికి తెలుసు. అందినా ఆ తల్లి మొహం ఎలా చూడాలో తెలియలేదు. చివరికి అడిగాడు.

"ఆ తమ్ముడు అన్నని క్షమించాడా అయ్యా?"

"ఎర్రయ్యకి రెండు పూటలా అన్నం కలిపి తినిపించేది దానయ్యే," అన్నారు శాస్త్రిగారు. "క్షమించావా అని తమ్ముణ్ణి అడగడానికి మాత్రం అతనికి ఇంకా నోరు రాలేదు నాయనా."