గంగాభవాని బాయిలరు

అనగనగా గోదారి ఒడ్డున ఒక ఊరు, ఆ ఊరి రేవులో ఒక పొగపడవ. దాని పేరు గంగాభవాని. మా తాతలనాటిది. దాని తోటి పడవలన్నీ పాత ఇనుముకి పోయాయి. ఇదొక్కటే మిగిలి, ఏటి నడుమ లంకలో వాళ్ళని ఇటూ, ఊళ్ళో వాళ్ళని అటూ దాటించేది.

అందులో బాయిలరు కింద బొగ్గు వేసే మనిషి నూకయ్య. అతనికి బాయిలరంటే భయం తల్లీ. చిన్నప్పుడు ఇంకో పడవలో బాయిలరు పేలడం కళ్ళారా చూశాడు. అందుకని రోజూ పొద్దున్నే చిన్న సుత్తితో దాన్ని తట్టి, చెవి ఆనించి వినేవాడు. పిరికి నూకయ్య అని అందరూ నవ్వేవారు.

ఒకరోజు తడితే ఎప్పట్లాగే ఖంగుమంది. మర్నాడు ఒకచోట పగిలిన కుండలా బొంగురుగా మోగింది. పడవ నడిపే సరంగు వీరాసామితో చెప్పాడు. "రేపు మేస్త్రీని పిలుద్దాంలే" అన్నాడు సరంగు.

మూడోనాడు తెల్లారేసరికి ఎర్రటి వరద వచ్చింది. లంకలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి.

"వద్దు సరంగూ, ఈ బాయిలరు తట్టుకోదు" అన్నాడు నూకయ్య.

"అక్కడ పసిపిల్లలున్నారు నూకయ్యా."

అప్పుడు నూకయ్య భయపడుతూనే నిప్పు రాజేశాడు.

లంకకి వెళ్ళారు. అరవై మందిని ఎక్కించుకున్నారు. ఆ తర్వాత నడిగోదాట్లోకి వచ్చేసరికి, సుయ్ మని సన్నటి చప్పుడు. నూకయ్య పాదం మీద సలసల కాగే నీటిచుక్క పడింది. తలెత్తి చూస్తే, బాయిలరు మీద వెంట్రుకంత బీట. చూస్తూండగానే అది జానెడైంది.

"నిప్పు తీసేస్తున్నా" అని కేకేశాడు.

"తీస్తే పడవ ఆగి, వరదకి ఆ దిగువ రాళ్ళ మీదికి పోతాం" అన్నాడు సరంగు.

"తీయకపోతే రాళ్ళ దాకా కూడా పోం."

అప్పుడు నూకయ్య ఆవిరి బయటికి వదిలేశాడు. పారతో నిప్పులు లాగి లాగి గోదాట్లో పోశాడు. చేతులు బొబ్బలెక్కాయి. పడవని నడిపే చక్రం ఆగిపోయింది. తల్లులు పిల్లల మొహాలు కొంగుల్లో దాచుకున్నారు. పడవ అడ్డం తిరిగి రాళ్ళ వైపు కొట్టుకుపోయింది.

సరంగు లంగరు వేశాడు, జారింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. మూడోసారి వేస్తే పట్టింది. రాళ్ళు ఇంకా పది బారల దూరంలో ఉన్నాయి. ఆ తర్వాత ఒడ్డు వాళ్ళు నావలేసుకొచ్చి, తాళ్ళు కట్టి లాగారు.

ఇక దీన్ని కోసి ఇనుముకి అమ్మేద్దాం అన్నారు ఊరి పెద్దలు. లంక ఆడవాళ్ళు వచ్చి రేవులో కూర్చున్నారు. "మా పిల్లల్ని ఒడ్డుకి చేర్చిన పడవ. బాగుచేయండి" అన్నారు. పెద్దలు ఒప్పుకునేదాకా లేచి వెళ్ళలేదు. మేస్త్రీలు వచ్చి, బీటలిచ్చిన రేకు తీసేసి కొత్త రేకు బిగించారు.

పడవ మళ్ళీ బయల్దేరే రోజున, లంక పిల్ల ఒకతె నూకయ్య చేతుల మీద మచ్చలు చూసి అడిగింది. "తాతా, నీకు భయం పోయిందా?"

"పోలేదమ్మా. అందుకే నేనే వస్తున్నా" అని బాయిలరుని సుత్తితో తట్టి, చెవి ఆనించి విని, బొగ్గు వేశాడు.

పడవ రేవు చేరింది, కథ కంచి చేరింది,
నా చిట్టితల్లి కంటికి నిద్ర వచ్చి చేరింది.