పీచయ్య పాత గూడు

మోటబావి మీదికి వంగిన తుమ్మచెట్టు. దాని కొమ్మలకు గిజిగాళ్ల గూళ్లు. తొలకరి పడగానే మగపిట్టలు వరి ఆకు చీల్చుకొచ్చి గూడు సగం అల్లి, ముందు కూర్చుని రెక్కలాడిస్తాయి. ఆడపిట్ట వచ్చి ముక్కుతో లాగి చూస్తుంది. అల్లిక నిలిస్తే ఉంటుంది, జారితే పోతుంది. అక్కడ సిఫార్సులు చెల్లవు.

నిరుడు ఆ చెట్టుకంతా మేలైన గూడు పీచయ్య అనే మగపిట్టది. పదిమందీ మెచ్చారు. పిల్లలకు రెక్కలొచ్చాయి, పోయాయి. పెట్ట కూడా తన దారిన పోయింది. ఎండలకు ఎర్రబడ్డ గూడూ పీచయ్యా మిగిలారు. ఎండాకాలంలో చుంచయ్య అనే ఎలుక ఆ గూట్లో చేరింది. మాటకు తోడుంటుంది కదా అని పీచయ్య ఊరుకున్నాడు.

తొలకరి పడింది. పీచయ్య పొలం వైపు లేచాడు.

"ఎక్కడికి మావా?" అంది ఎలుక.

"ఆకు చీల్చుకొద్దామని."

"నీకేం ఖర్మ! అల్లడం రానివాళ్లు అల్లుకుంటారు. ఇంత గూడుంది, చూపించు చాలు."

ఆ మాట పీచయ్య చెవికి బెల్లమైంది. కొమ్మ మీదే కూర్చున్నాడు.

ఒక పెట్ట వచ్చింది. ఒక్క పోచ లాగింది. పుటుక్కున తెగింది.

"ఇది నిరుటిది కదయ్యా?"

"అయితేనేం? ఇలాంటి అల్లిక ఇంకెవరిదైనా చూపించు!"

"తాతలు నేతులు తాగారు, మూతులు వాసన చూడమన్నట్టుంది నీ వరస. నా గుడ్లు ఈ వానలో తడవకూడదు నాయనా" అని ఎగిరిపోయింది.

"దానికి కళ్లు లేవులే మావా" అంది ఎలుక లోపలినుంచి.

పక్క కొమ్మ మీద సొట్టయ్య. నిరుడు వాడి గూడు గాలికి ఊడి నీళ్లలో పడింది. ఈ ఏడు మొదటి గూడు పెట్టకు నచ్చలేదు. వాడే తెంపేసి రెండోది మొదలుపెట్టాడు. అదీ నచ్చలేదు.

"సొట్టయ్యా, నీ ముక్కు ఎప్పటికి తిరిగేనురా?" అని నవ్వాడు పీచయ్య.

"నిరుటికంటే తిరిగింది లేన్నా" అన్నాడు వాడు, పని ఆపకుండానే.

మూడో గూటికి పెట్ట వచ్చింది. మళ్లీ పోలేదు.

ఇంకో రెండు పెట్టలు పీచయ్య దగ్గరికి వచ్చినట్టే వచ్చి తప్పుకున్నాయి. ఆ తర్వాత ఎవరూ రాలేదు. చెట్టు నిండా పిల్లల కిచకిచలు. ఎవరి మేత వాళ్లకే చాలడం లేదు, పీచయ్యను పలకరించే తీరిక ఎవరికి?

ఒక సాయంత్రం జడివాన పట్టుకుంది. పీచయ్య తడిసి ముద్దై తన గూట్లోకి తల పెట్టాడు.

"ఆగు ఆగు, తడి రెక్కలతో రాకు! జొన్నలు నానిపోతాయి" అంది ఎలుక.

"నా గూట్లోకి నేను రాకూడదా?"

"కొత్తది అల్లుకోవాల్సింది."

"అల్లొద్దన్నది నువ్వే కదరా!"

గూడు అల్లే అదను పోయింది, ఇక వీడేం చేస్తాడులే అనుకుంది ఎలుక. "కొత్తది అల్లితే పాతది తెంపేస్తావు కదా మావా. మరి నాకు ఇల్లెలా?"

పీచయ్య గూట్లోంచి తల బయటికి తీశాడు. పైకెక్కి, కొమ్మకు తానే వేసిన ముడిని ముక్కుతో కొరకడం మొదలుపెట్టాడు.

"మావా! నీ పేరు పోతుంది మావా!"

"పోనీ."

గూడు బావిలో పడింది. ఎలుక ఈదుకుంటూ మెట్టెక్కి బతికింది. ఏరి దాచిన జొన్నలన్నీ చేపల పాలయ్యాయి.

తెల్లారి పీచయ్య ఆకు చీల్చుకొచ్చాడు. మొదటి ముడి జారింది. రెండోదీ జారింది. ఒకప్పుడు కళ్లు మూసుకుని వేసిన ముడి!

అప్పటికే పిల్లలతో చేలకు బయల్దేరుతున్న సొట్టయ్య ఆగి చూశాడు. "కాలం దాటిపోయిందన్నా. ఇప్పుడు ఎవరికోసం?"

"ఎవరికోసమూ కాదు. ముడి జారుతోంది."

పిట్టలన్నీ వెళ్లిపోయాయి. ఉత్త చెట్టు మీద పీచయ్య ఒక్కడే జారిన పోచ పారేసి ఇంకోటి అందుకున్నాడు.

మెప్పు విని కూర్చుంటే, వచ్చిన విద్య కూడా వలసపోతుంది.