నసీమా చెప్పబోయిన మాట

ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆడపిల్లల హాస్టల్లో హరిప్రియ అనే మూడో సంవత్సరం అమ్మాయి ఉండేది. చురుకైనదే, మంచిదే, కానీ ఎదుటివాళ్ళు మాట మొదలుపెడితే చాలు, మిగతాది తనే పూర్తి చేసేసేది. "అక్కా, నా తలకి..." అని ఎవరైనా అంటే, "నొప్పా? ఇదిగో మాత్ర, వేసుకుని పడుకో" అని చేతిలో పెట్టి పంపేసేది. పాపం, ఆ పిల్ల తలకి రాసుకునే నూనె అయిపోయిందని చెప్పడానికి వచ్చింది! వాళ్ళమ్మ కూడా, "మా హరికి ఫోన్ చేస్తే నా కష్టమేమిటో నాకంటే ముందు తనే చెప్పేస్తుంది. అది నా కష్టం కాదనుకోండి, అది వేరే సంగతి" అని నవ్వుకునేది.

ఆ ఏడాది వార్డెన్ విశాలాక్షి గారు హాస్టల్లో కొత్త పద్ధతి పెట్టారు. ప్రతి అంతస్తుకీ ఒక సీనియర్‌ని ఫ్లోర్ అసిస్టెంట్‌గా వేస్తారు. కొళాయి పాడైనా, జ్వరం వచ్చినా, ఇంటి మీద బెంగ పెట్టుకున్నా జూనియర్లు ముందు ఆ అక్క దగ్గరికే వెళ్ళాలి. హరిప్రియకి ఈ పని మీద మహా మోజు కలిగింది. పదిమందికి పనికొచ్చే మనిషి అనిపించుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. వెంటనే దరఖాస్తు పెట్టింది.

"సరే, రెండో అంతస్తు నీది. నలభైమంది పిల్లలు" అన్నారు విశాలాక్షి గారు. "నెల రోజులు చేసి చూడు. వాళ్ళకి నీ వల్ల మేలు జరిగితే నువ్వే ఉంటావు. కీడు జరిగితే మాత్రం నేను మొహమాటపడను, ఇంకొకరిని పెట్టేస్తాను."

"కీడు ఎందుకు జరుగుతుంది మేడమ్?" అంది హరిప్రియ. నిజంగానే ఆశ్చర్యపోతూ అంది.

మొదటి పదిరోజులూ ఏం హడావుడి! ఏడాదిగా కారుతున్న కొళాయి ఒక్క పూటలో బాగుపడింది. తిరగని ఫ్యాన్లు తిరిగాయి. మెస్‌లో సాంబారు కాస్త చిక్కబడింది. "అక్క ఉండగా మనకేం భయం" అని పిల్లలు చెప్పుకున్నారు. ఆ మాటలు చెవిన పడి హరిప్రియ పొంగిపోయింది.

రెండో అంతస్తు చివరి గదిలో నసీమా, కుసుమ అని ఇద్దరు మొదటి సంవత్సరం పిల్లలు ఉండేవారు. నసీమా గలగలా మాట్లాడే పిల్ల. కుసుమ నోట్లోంచి మాట రావాలంటే మాత్రం ఓపిక ఉండాలి. అయినా వాళ్ళిద్దరూ ఒక్క కంచంలో తిన్నంత స్నేహంగా ఉండేవారు.

ఒక సాయంత్రం నసీమా మొహం దిగాలుగా పెట్టుకుని హరిప్రియ గదికి వచ్చింది. "అక్కా, మా కుసుమ రెండు వారాలుగా..."

"సరిగ్గా అన్నం తినడం లేదు, అంతేనా? మెస్ కూర నచ్చదు, ఇల్లు గుర్తొస్తుంది. నాకు తెలీదా! నేనూ మొదటి ఏడాది ఇంతే." హరిప్రియ లేచి, వాళ్ళమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా తీసి నసీమా చేతిలో పెట్టింది. "ఇది వేసుకుని తినమను. బెంగా గింగా ఎగిరిపోతుంది."

నసీమా సీసా పట్టుకుని వెళ్ళిపోయింది. నాలుగు రోజులాగి మళ్ళీ వచ్చింది.

"అక్కా, అది అన్నం సంగతి కాదు. కుసుమతో నాకు..."

"పడటం లేదా?" అంది హరిప్రియ. "ఆ మాట మొన్ననే చెప్పొచ్చుగా! ఆ పిల్ల మూగనోము, నీకేమో మాట్లాడకపోతే తోచదు. ఎలా పడుతుంది మరి? నువ్వు నిశ్చింతగా క్లాసుకి పో."

మర్నాడు నసీమా క్లాసు నుంచి వచ్చేసరికి ఆమె పరుపూ, బకెట్టూ, పుస్తకాలూ పద్నాలుగో నంబరు గదిలో ఉన్నాయి. వార్డెన్ గారి సంతకంతో సహా గది మార్పు అయిపోయింది. నసీమా నోరు వెళ్ళబెట్టింది. హరిప్రియ ఆమె భుజం తట్టి, "థాంక్స్ ఏమీ అక్కర్లేదులే" అని వెళ్ళిపోయింది. అక్క అంత సంబరంగా చేసిన పనికి అడ్డు చెప్పడానికి ఆ పిల్లకి ధైర్యం చాలలేదు.

కుసుమ మాత్రం గదిలో ఖాళీ మంచం చూసి కూలబడిపోయింది. నసీమాకి కూడా తనంటే విసుగొచ్చిందనీ, అడిగి మరీ గది మార్పించుకుందనీ అనుకుంది. ఆ పిల్లకి ఆ హాస్టల్లో ఉన్నది ఒక్క స్నేహితురాలు. ఆమె కూడా వెళ్ళిపోయాక ఇంకెవరి కోసం ఉండాలి? నసీమా తలుపు కొట్టినా తియ్యలేదు. రెండోరోజు పొద్దున్నే వార్డెన్ గారి బల్ల మీద కుసుమ ఉత్తరం ఉంది. 'ఈ చదువు నాకు వద్దు. మా నాన్న సాయంత్రం బస్సుకి వస్తున్నాడు. నా సర్టిఫికెట్లు ఇప్పించండి.'

విశాలాక్షి గారు హరిప్రియనీ నసీమానీ పిలిపించారు.

"కుసుమ ఎందుకు వెళ్ళిపోతానంటోంది?" అని అడిగారు.

"ఇంటి బెంగ మేడమ్" అంది హరిప్రియ తడుముకోకుండా. "పైగా తెలుగు మీడియం పిల్ల, ఇంగ్లీషు పాఠాలు ఎక్కి ఉండవు. నసీమాతో గొడవ కూడా అయింది."

"ఇందులో కుసుమ నీతో చెప్పింది ఏది?"

హరిప్రియ నసీమా వైపు చూసింది.

అప్పటిదాకా తల వంచుకుని ఉన్న నసీమా ఒక్కసారిగా ఏడ్చేసింది. "మాకు ఏ గొడవా లేదు మేడమ్! మూడు వారాలుగా కుసుమ కీటకాల ప్రాక్టికల్‌కి వెళ్ళకుండా గదిలో కూర్చుని ఏడుస్తోంది. ఎందుకో నాకు కూడా చెప్పదు. కుసుమతో నాకు మాట్లాడటం చేతకావడం లేదు, మీరొకసారి వచ్చి కూర్చోండి అక్కా అని అడగడానికి వెళ్ళాను. అక్క నన్ను చెప్పనిస్తేగా!"

హరిప్రియ సిగ్గుతో తల దించుకుంది. పచ్చడి సీసా ఇచ్చింది తనే, పరుపు మోయించింది తనే. ఒక పిల్ల చదువు చేజారిపోతుంటే తను మాత్రం సంబరపడింది.

"నీ మాట నమ్మి సంతకం పెట్టాను. నాది కూడా తప్పే" అన్నారు విశాలాక్షి గారు. "సాయంత్రం బస్సు అయిదింటికి. వెళ్ళు. నేను చెప్పేదల్లా ఒకటే, అక్కడ ఆ పిల్ల మాటకి నీ నోరు అడ్డు పడకూడదు."

హరిప్రియ వెళ్ళి తలుపు దగ్గర, "కుసుమా, నసీమా గది మార్చమని అడగలేదు. ఆ తెలివితక్కువ పని నాది" అంది. కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. లోపల పెట్టె సగం సర్ది ఉంది. హరిప్రియ ఖాళీ మంచం మీద కూర్చుని, "నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు. నేను కదలను" అంది.

కుసుమ చాలాసేపు దుప్పటి మడతపెడుతూ ఉండిపోయింది. తర్వాత, "ఆ సీసా..." అంది. ఆగిపోయింది.

అబ్బ, హరిప్రియ పడ్డ అవస్థ ఏం చెప్పను! ఏ సీసా? పచ్చడి సీసానా? పగిలిందా? కారం ఎక్కువైందా? మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. పెదవులు బిగపట్టి, పిడికిలి బిగించి కూర్చుంది.

"...ప్రాక్టికల్‌కి ఇచ్చిన సీసా అక్కా. పురుగుల్ని పట్టి, మందు దూది ఉన్న ఆ సీసాలో వెయ్యాలి. చచ్చాక సూది గుచ్చి పెట్టెలో పెట్టాలి. నేను ఒక సీతాకోకచిలుకని వేశాను. అది కొట్టుకుంది... చాలాసేపు కొట్టుకుంది. నేను మూత తీసేశాను. కానీ అప్పటికే అయిపోయింది." కుసుమ కళ్ళు తుడుచుకుంది. "ఇంకో యాభై చంపాలట. నా వల్ల కాదు. పురుగుని చూసి ఏడ్చిందని అందరూ నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు."

హరిప్రియ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొదటి ఏడాది తను కూడా అలాంటి పెట్టె నింపింది. ఏ ఒక్క పురుగు కోసమూ ఒక్క క్షణం ఆగలేదు. ఇంటి బెంగ, ఇంగ్లీషు, మెస్ కూర, గొడవ... ఇన్ని ఊహించిన తన బుర్రకి ఇది ఏడాది ఆలోచించినా తట్టేది కాదు.

"ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదమ్మా" అంది. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. "నీకేమైనా తోస్తోందా?"

కుసుమ సగం సర్దిన పెట్టె పక్కకి జరిపింది. "పొద్దున్నే మెస్ వరండాలో ట్యూబులైట్ల కింద బోలెడు పురుగులు చచ్చి పడి ఉంటాయి అక్కా. ఆయా ఊడ్చి పారేస్తుంది. అవి పెడితే ఒప్పుకోరా?"

ఇద్దరూ కలిసి కీటకశాస్త్రం చెప్పే మాస్టారి దగ్గరికి వెళ్ళారు. చెప్పింది మాత్రం కుసుమే. తడబడింది, ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది. హరిప్రియ పక్కన నిలబడిందంతే. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, "కాళ్ళూ రెక్కలూ విరక్కుండా ఉంటే చాలమ్మా, అవి ఎలా చచ్చాయో పెట్టె చూసి ఎవరడుగుతారు? ఇన్నేళ్ళలో నాకు ఈ ఆలోచన రాలేదే!" అన్నారు.

అయిదింటి బస్సుకి కుసుమ నాన్న ఆందోళనగా దిగాడు. కూతురు, నసీమా చెయ్యి పట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చింది. "సెలవులకే వస్తాను నాన్నా" అంది. ఆయనకి ఏమీ అర్థం కాలేదు కానీ, ప్రాణం కుదుటపడి మెస్‌లో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. మర్నాటి నుంచి రెండో అంతస్తు పిల్లలంతా పొద్దున్నే చచ్చిన పురుగులు ఏరడానికి ఖాళీ అగ్గిపెట్టెలు పట్టుకుని వరండాలో తయారు. ఆయా, "నా చీపురుకి పని లేకుండా చేశారు కదర్రా!" అని మురిపెంగా విసుక్కుంది. నసీమా పరుపు పాత గదికి చేరింది.

నెల పూర్తయిన రోజున హరిప్రియ తనంతట తనే వార్డెన్ గదికి వెళ్ళింది.

"మేడమ్, నా వల్ల కీడు జరిగింది. మీరు ఏం చేసినా సరే."

విశాలాక్షి గారు టీ గ్లాసు అందుకున్నారు. "అవును. అందుకే నిన్ను ఈ పనిలోంచి..." అని ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. కిటికీలోంచి బయటికి చూశారు. హరిప్రియకి చెమటలు పట్టాయి కానీ, 'తీసేస్తారా?' అని అడగలేదు. ఆమె మొహంలోకే చూస్తూ నిలబడింది.

"...తీసేద్దామనే అనుకున్నాను" అన్నారు విశాలాక్షి గారు నవ్వేస్తూ. "కానీ నా మాట పూర్తయ్యేదాకా ఆగావు చూడు, ఇక నలభైమందినీ నీకు అప్పగించొచ్చు."

సాయం చెయ్యాలన్న మనసు ఒక్కటే చాలదు. ఎదుటి మనిషి మాట చివరిదాకా వినే ఓపిక ఉన్నప్పుడే మనం చేసేది సాయమవుతుంది.